పక్కింటి వాడుక

2020 జులైలో గుంటూరు పక్కనే ఉన్న రెడ్డిపాలెం స్టేషన్లో ఒక పార్సిల్ రైలు మిర్చి టిక్కీలు ఎక్కించుకుని బయల్దేరింది. టిక్కీలు ఎత్తడం గుంటూరు హమాలీలకు కొత్తేం కాదు. మంచి సీజన్లో యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు దాటి వస్తాయి. కొత్తదల్లా ఆ బండి చేరాల్సిన ఊరి పేరే... బెనాపోల్. అది మన దేశంలోది కాదు, బంగ్లాదేశ్‌లోది. దేశం ఎల్లలు దాటి వెళ్లిన మొట్టమొదటి ప్రత్యేక పార్సిల్ రైలు అదేనని రైల్వేశాఖ ప్రకటించింది. పదహారు పెట్టెల్లో మొత్తం 384 టన్నుల దాకా ఎండుమిర్చి!

కొవిడ్ ఆంక్షలతో ఆ వేసవంతా లారీలు సరిహద్దు దాటలేక ఆగిపోయాయి. ఇక్కడ సరుకుంది, అవతల కొనేవాళ్లున్నారు, మధ్యలో గేటు మూసేశారు. పోనీ గూడ్సు రైలు పెట్టుకుందామా అంటే ఒక్క విడతకే 1,500 టన్నులకు పైగా పోగెయ్యాలి. అది చిన్న రైతు వల్లా, చిన్న వ్యాపారి వల్లా అయ్యే పని కాదు. అందుకని అయిదొందల టన్నుల్లోపు సరుకుతో కదిలే పార్సిల్ రైలు పెట్టారు. లారీలో అయితే టన్నుకు ఏడు వేల రూపాయలయ్యే కిరాయి రైల్లో 4,608 రూపాయలతో సరిపోయిందని లెక్క తేల్చారు. అంటే టన్ను మీద దాదాపు 2,400 రూపాయలు మిగిలాయన్నమాట.

ఇంత తేలికైన పని చెయ్యడానికి ఓ మహమ్మారి రావాల్సి వచ్చింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, అది కొత్తగా కనిపెట్టిన దారి కాదు. కోల్‌కతాలోని శియాల్దా నుంచి బొంగావ్, బెనాపోల్‌ల మీదుగా ఖుల్నాకు 1965 దాకా ప్యాసింజరు రైళ్లు తిరిగిన దారే. దేశం రెండు ముక్కలయ్యాక కూడా పద్దెనిమిదేళ్లపాటు జనం ఆ రైలెక్కి చుట్టాల ఇళ్లకు వెళ్లొచ్చారు. ఆ తర్వాతే మర్చిపోయారు.

బంగ్లాదేశ్ వంటింట్లో మన మిర్చికేం పని అనుకునేవాళ్లుంటే వాళ్లు 'శుట్కి భర్తా' సంగతి వినాలి. ఎండుచేపల్ని వేయించి, ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఆవనూనె చేర్చి మెత్తగా మెదుపుతారు. వేడివేడి అన్నంలో కలుపుకుని కళ్లు తుడుచుకుంటూ తింటారు. ఎండుచేపల ఇగురంటే లొట్టలేసే మన గోదావరి జిల్లాల వాళ్లకు ఆ రుచి విడమరిచి చెప్పక్కర్లేదు. మిర్చిని వాళ్లు 'మొరిచ్' అంటారు. మిర్చి, మొరిచ్, మిరియం... మూడూ ఒక తల్లి పిల్లలే. మాట ఏ గేటు దగ్గరా ఆగకుండా అటూ ఇటూ తిరిగింది. ఆగిపోయింది సరుకే.

తెలుగు ఇళ్లల్లో 'వాడుక' అని ఓ చక్కటి మాటుంది. పాల వాడుక, పెరుగు వాడుక, ఆకుకూరల వాడుక. ఫలానా ఆవిడ మాకు వాడుక అంటారు. ఊళ్లో అందరికన్నా చవగ్గా పోస్తుందని కాదు... వానొచ్చినా వరదొచ్చినా పొద్దున్నే గుమ్మంలో ఉంటుందని. డబ్బులు నెలాఖరుకు ఇచ్చినా ఊరుకుంటుందని.

"రేపు చుట్టాలొస్తున్నారు, ఇంకో లీటరు కావాలమ్మా" అంటే, "అట్టాగే అమ్మగారూ, పెద్ద గిన్నె పెట్టుంచండి" అంటుంది. అంతే. కాగితం లేదు, సంతకం లేదు.

అదే ఆవిడ రెండు నెలల్లో మూడుసార్లు చెప్పాపెట్టకుండా మానేసిందనుకోండి. ఇంటావిడ ఎదురుచూసి ఎదురుచూసి ప్యాకెట్ పాలకు మారిపోతుంది. ఆ తర్వాత ఆవిడొచ్చి ఎంత బతిమాలినా "ఇప్పుడొద్దులేమ్మా" అంటుంది. కోపంతో కాదు, నమ్మకం పోయి. వాడుక కుదరడానికి ఏళ్లు పడుతుంది. తప్పడానికి ఓ వారం చాలు.

ఇరుగుపొరుగు దేశాల వ్యాపారం గురించి ఆర్థికవేత్తలు పెద్దపెద్ద మాటలు వాడతారు. ప్రాంతీయ సమైక్యత అంటారు, సుంకాల సరళీకరణ అంటారు. పెట్రాపోల్ గేటు దగ్గర కాసేపు నిలబడి చూస్తే మాత్రం అదంతా వాడుక కుదరడం, తప్పడం గురించిన గొడవేనని తెలిసిపోతుంది.

పెట్రాపోల్ మన వైపు ఊరు. బెనాపోల్ అటువైపుది. కోల్‌కతా నుంచి జెస్సోర్ రోడ్డు మీద సుమారు ఎనభై కిలోమీటర్లు పోతే వస్తుంది. దారి పొడవునా ఎన్నో ఏళ్లనాటి మహావృక్షాలు. 1971లో లక్షలాది కాందిశీకులు నెత్తిన మూటలతో నడిచొచ్చింది ఈ రోడ్డు మీదే. ఇప్పుడు దానిమీద లారీలు నడుస్తాయి... నడుస్తాయనడం కన్నా నిలబడతాయనడం సబబు. దక్షిణాసియాలోకెల్లా పెద్ద భూమార్గ రేవు ఇదే. భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య రోడ్డు మీద సాగే వ్యాపారంలో దాదాపు 30 శాతం ఈ ఒక్క గేటు నుంచే జరుగుతుంది.

గుంటూరులో మిర్చి ఎత్తుకున్న లారీ రెండు మూడు రోజుల్లో బెంగాల్ చేరుతుంది. అసలు ప్రయాణం అక్కడ మొదలవుతుంది. బొంగావ్‌లో పార్కింగు. లారీ కింద నీడలో స్టవ్వు వెలిగించి అన్నం వండుకుంటూ డ్రైవరూ, క్లీనరూ తమ వంతు కోసం పడిగాపులు కాస్తారు. కాగితాలు తయారవ్వాలి. కస్టమ్స్ వాళ్లు చూడాలి. వంతొచ్చాక గేటు దాటి బెనాపోల్ యార్డులోకి వెళ్తే, మళ్లీ అక్కడ నిరీక్షణ. మన లారీ ఢాకా దాకా వెళ్లడానికి లేదు. సరుకంతా అక్కడే దించాలి, వాళ్ల లారీకి ఎక్కించాలి. మన లారీ ఖాళీగా వెనక్కి రావాలి. ఈ తతంగం మొత్తానికి 138 గంటలు పడుతోందని ప్రపంచబ్యాంకు 2021లో లెక్కగట్టింది. అందులో 28 గంటలు ఒక లారీ నుంచి ఇంకో లారీకి మార్చడానికే. ఇంచుమించు ఇంతే రద్దీ ఉండే తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల్లోపే పనైపోతుందట. లారీలకు ఆన్‌లైన్లో వంతులిచ్చే పద్ధతి వచ్చాక ఈ పడిగాపులు కొంత తగ్గాయి. అసలు ఇబ్బంది, అంటే సరుకు దించి ఎక్కించడం, అలాగే ఉంది.

మిర్చితో బేరం చేసినవాళ్లకు ఆ ఆరు రోజుల విలువ తెలుసు. టార్పాలిన్ కింద ఉక్కకు కాయ రంగు తగ్గుతుంది. ఓ వాన పడి చెమ్మ తగిలిందా, బూజు పడుతుంది. ఎర్రగా మెరుస్తూ బయల్దేరిన కాయ తాలు ధరకు దిగిపోతుంది. లారీ ఆగిన ప్రతి రోజుకూ కిరాయి పెరుగుతుంది. ఆ డబ్బు ఏ వ్యాపారీ తన జేబులోంచి పెట్టుకోడు. ఇటు రైతుకిచ్చే ధరలో కొంత కోస్తాడు, అటు కొనేవాళ్ల మీద కొంత వేస్తాడు. ప్రత్తిపాడు రైతుకూ, ఫరీద్‌పుర్ ఇల్లాలికీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. బొంగావ్ పార్కింగు రుసుము మాత్రం ఇద్దరూ కలిసి కడుతున్నారు!

ఇలాగని ఆ ఆలస్యాన్నంతా దుర్మార్గం కింద కట్టెయ్యడానికీ లేదు. బొంగావ్‌లో వేలాది కుటుంబాలు దానిమీదే బతుకుతున్నాయి. పార్కింగు కాపలావాళ్లు, టీ కొట్లవాళ్లు, కాగితాలు నింపిపెట్టే గుమాస్తాలు, టైర్లు బాగుచేసేవాళ్లు, అవతల బెనాపోల్లో హమాలీలు. లారీలు ఆగకుండా దూసుకుపోతే దేశాలకు లాభమే. ఆ బస్తాలు మోసే భుజాలకు వేరే పని ఎవరు చూపిస్తారన్నది ఏ నివేదికలోనూ పెద్దగా కనపడదు.

అసలీ వాడుక ఎప్పుడు తప్పింది? అందరూ 1947 అంటారు. పూర్తిగా నిజం కాదు. గీత 1947లో గీశారు. గోడ లేచింది 1949లో. దాన్ని లేపింది జనపనార.

అప్పట్లో జనపనార మిల్లుల్లో చాలావరకు కోల్‌కతా పక్కన హుగ్లీ ఒడ్డునే ఉండేవి. జనుము పండే భూముల్లో అత్యధిక భాగం మాత్రం తూర్పు బెంగాల్లో, అంటే అప్పటి తూర్పు పాకిస్థాన్లో ఉండిపోయింది. పొలం ఒక దేశానికి, మిల్లు ఇంకో దేశానికి వెళ్లాయి. అయినా రెండేళ్లు ఎలాగో నడిచింది. పడవల్లో, రైళ్లలో నార ఇటు వచ్చేది. బొగ్గు, బట్టలు అటు వెళ్లేవి. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించింది. మనం కూడా రూపాయి విలువ తగ్గించాం. పాకిస్థాన్ తగ్గించనంది. నిన్నటిదాకా నూటికి నూరుగా ఉన్న రూపాయి తెల్లారేసరికి తేడా అయింది. పాకిస్థాన్ నూరు రూపాయలకు మనవి 144 ఇవ్వాలి! ఇవ్వబోమని ఢిల్లీ భీష్మించుకుంది. జనపనార ఆగింది. బదులుగా మనం బొగ్గు ఆపాం. 1951 ఫిబ్రవరిలో ఢిల్లీ ఆ మారకపు రేటుకు ఒప్పుకునేదాకా, ఏడాదిన్నరకు దగ్గరగా, ఈ పంతం సాగింది.

పంతం తీరింది, వాడుక మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడాదిన్నరలో రెండు వైపులా వేరే దారులు వెతుక్కున్నారు. పశ్చిమ బెంగాల్, బిహార్, అస్సాం రాష్ట్రాల్లో వరి పొలాలు తీసేసి జనుము వేశారు. దాని విస్తీర్ణం కొద్దికాలంలోనే రెట్టింపు దాటింది. మన ఉత్తరాంధ్రలో గోగు నారకు గిరాకీ రావడంలోనూ ఆ కరవు పాత్ర ఉంది. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు మిల్లులు నార కోసం వెతుక్కున్న రోజులవి. ఆకు పచ్చడికి, కాడ గోనెసంచికి... గోగుకు అలా రెండు బతుకులు. అవతలివాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1951లో ఢాకా దగ్గర నారాయణ్‌గంజ్‌లో ఆదమ్‌జీ జనపనార మిల్లు పెట్టారు. ఒక దశలో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరుపడ్డ ఆ మిల్లు నష్టాలతో 2002లో మూతపడింది. తిండిగింజలు పండాల్సిన చోట మనం నార పండించాం, నార పండేచోట వాళ్లు అప్పులు చేసి మిల్లులు కట్టుకున్నారు. ఇద్దరూ స్వయంసమృద్ధి సాధించామనే చెప్పుకున్నారు.

ఇంతా చేసి తగువు ఇప్పటికీ ముగియలేదు. బంగ్లాదేశ్ జనపనార సరుకు మరీ చవగ్గా వచ్చిపడుతోందని 2017 జనవరిలో మనదేశం దాని మీద అదనపు సుంకం వేసింది. 2022 డిసెంబరులో దాన్ని పొడిగించింది. తాతల నాటి దావా మనవలకు సంక్రమించడమంటే ఇదే.

1948 ప్రాంతంలో దక్షిణాసియా దేశాల మొత్తం వ్యాపారంలో ఐదో వంతుకు దగ్గరగా తమలో తమకే జరిగేది. 1967 నాటికి అది రెండు శాతానికి పడిపోయింది. ఈ మధ్యకాలంలో ఐదు శాతం దగ్గర ఆడుతోంది. అదే ఆగ్నేయాసియా దేశాలు, ఆసియాన్ కూటమి, తమ వ్యాపారంలో ఐదో వంతుకు పైగా పక్కవాళ్లతోనే చేసుకుంటాయి. వాళ్లేం అన్నదమ్ముల్లా పెరిగినవాళ్లు కారు. ఇండోనేసియా, మలేసియా 1960ల్లో తుపాకులతో కొట్టుకున్నాయి. కొట్టుకున్న కొద్ది సంవత్సరాలకే, 1967లో, ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి.

మనకూ బల్ల ఉంది. దాని పేరు సార్క్. 1985 డిసెంబరులో ఢాకాలో పుట్టింది. సుంకాలు తగ్గించుకుందామని 2004 జనవరిలో ఇస్లామాబాద్‌లో 'సాఫ్టా' ఒప్పందం రాసుకున్నారు. 2006 నుంచి అది అమల్లోకి వచ్చింది. రాసుకున్నవాళ్లే దానికో తోక తగిలించారు. ఎవరికి వారు కొన్ని వస్తువుల్ని 'సున్నితమైనవి' అని పక్కన పెట్టుకోవచ్చు, వాటికి సుంకం తగ్గించక్కర్లేదు. తీరా చూస్తే పక్కవాడు ఏవి బాగా అమ్మగలడో అవన్నీ ఆ జాబితాలోనే తేలాయి! భోజనానికి పిలిచి, అన్నం, పప్పు, కూర, పెరుగు తప్ప మిగిలినవన్నీ కడుపునిండా తినమన్నట్టు. బంగ్లాదేశ్ లాంటి వెనకబడిన దేశాలకు మాత్రం మనదేశం 2011 నవంబరులో ఆ జాబితాను 25 వస్తువులకు కుదించింది. పొగాకు, మద్యం వంటివి తప్ప అన్నిటికీ గేటు తీసింది. ఆ ఒక్క పని జరిగినట్టు మిగతావీ జరిగుంటే కథ వేరేగా ఉండేది. సార్క్ అధినేతలు చివరిసారి కలిసింది 2014 నవంబరులో, కఠ్మాండూలో. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సమావేశం ఉరీ దాడి తర్వాత ఆగిపోయింది.

ఇవన్నీ కలిసి దూరాలను ఎలా తారుమారు చేశాయో చెప్పడానికి ప్రపంచబ్యాంకు 2018లో ఓ లెక్క చూపించింది. మనదేశానికి పక్కనున్న పాకిస్థాన్‌తో వ్యాపారం కన్నా మహాసముద్రాల అవతలున్న బ్రెజిల్‌తో వ్యాపారం 20 శాతం చౌక అట! అడ్డంకులు తొలగిస్తే అప్పటికి 2,300 కోట్ల డాలర్లుగా ఉన్న దక్షిణాసియా అంతర్గత వ్యాపారం 6,700 కోట్ల డాలర్లకు చేరగలదని కూడా చెప్పింది. ఇంకో లెక్క త్రిపురది. ఆ రాష్ట్రానికి మూడు వైపులా బంగ్లాదేశే. అగర్తలా సరుకు కోల్‌కతా రేవుకు చేరాలంటే సిలిగుడి దగ్గరి సన్నటి మెడ చుట్టూ తిరిగి 1,600 కిలోమీటర్లు రావాలి. బంగ్లాదేశ్ మీదుగా వస్తే 450 కిలోమీటర్లే. చిట్టగాంగ్ రేవైతే 200 కిలోమీటర్లే. పక్కింటికి వెళ్లడానికి ఊరంతా చుట్టి రావడమంటే ఇది.

పోనీ, తప్పంతా ఒక్కరిదా అంటే కాదు. ఇక్కడ ఉల్లిపాయ సంగతి చెప్పుకోవాలి.

బంగ్లాదేశ్ ఉల్లి లోటును చాలావరకు మన సరుకే పూడుస్తూ వచ్చింది. 2019 సెప్టెంబరులో మన దగ్గర ధర పెరగ్గానే ఢిల్లీ రాత్రికి రాత్రి ఎగుమతులు ఆపేసింది. అప్పటి ప్రధాని షేక్ హసీనా ఆ మర్నాటి వారమే ఢిల్లీ వచ్చారు. ఉల్లిపాయలు లేకుండా వండమని మా వంటవాడికి చెప్పానని నవ్వుతూ చురకంటించారు. ముందుగా ఓ మాట చెబితే వేరేచోట తెచ్చుకునేవాళ్లం కదా అన్నారు. సభలో అందరూ నవ్వారు. ఏడాది తిరక్కుండా 2020 సెప్టెంబరులో మళ్లీ అదే పని! 2023 డిసెంబరులో ఇంకోసారి. పాల వాడుక మూడుసార్లు తప్పితే ఇంటావిడ ఏం చేస్తుందో బంగ్లాదేశ్ కూడా అదే చేసింది. చైనా, ఈజిప్టు, తుర్కియే, పాకిస్థాన్... ఎక్కడ దొరికితే అక్కడ కొంది. సొంత సాగు పెంచుకునే పనిలో పడింది. ఇక్కడ ధర పడిపోయి ఉల్లి రోడ్డు మీద పారబోసే రోజుల్లో, కొనేవాడు ఏడని మన రైతు వెతుక్కుంటుంటే, ఆ కొనేవాడు వేరే వాడుక చూసుకుని ఉంటాడు. పట్నం ఓటరు కోసం ఆపిన ఎగుమతికి పల్లె రైతు మూల్యం కట్టాడు.

వాళ్ల చేతిలోనూ ఓ తాళం ఉంది. పద్మా నది ఇలిశ చేప. మన పులసే. సముద్రంలోంచి గోదావరికి ఎదురీదుతూ వస్తే పులస, పద్మకు ఎదురీదితే ఇలిశ. పుస్తెలు తాకట్టుపెట్టైనా తినాలని మనవాళ్లన్నట్టే, దుర్గాపూజ రోజుల్లో కోల్‌కతా వాళ్లూ ఇలిశ లేకపోతే పండగ కాదంటారు. తీస్తా నీళ్ల ఒప్పందం కుదరలేదన్న అలకతో బంగ్లాదేశ్ 2012లో ఆ చేప ఎగుమతిని ఆపేసింది. 2019 నుంచి పూజల ముందు మాత్రం కొంత కొంత వదులుతోంది. 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం కూలిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఏడాది మొదట పంపేది లేదన్నారు. తర్వాత మనసు మార్చుకుని మూడు వేల టన్నుల దాకా అనుమతించారు. నదికి అలిగి చేపను దాచుకోవడం ఈ ఇరుగుపొరుగుకే చెల్లింది.

2025లో ఈ పంతాలు పరాకాష్ఠకు చేరాయి. బంగ్లాదేశ్ సరుకు మన రేవులు, విమానాశ్రయాల మీదుగా ఇతర దేశాలకు వెళ్లే సదుపాయాన్ని ఏప్రిల్లో ఢిల్లీ రద్దు చేసింది. మన నూలు రోడ్డు మార్గాన రాకూడదని అదే నెలలో ఢాకా ఆపింది. బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు రోడ్డు మీద రావడానికి వీల్లేదు, ముంబయి దగ్గరి నవాషెవా, కోల్‌కతా రేవుల నుంచే రావాలని మే నెలలో ఢిల్లీ ఉత్తర్వు ఇచ్చింది. మన పత్తి, నూలు ఎక్కువగా కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ముందుంటుంది. ఇక్కడి నూలు ఓడెక్కి అటు వెళ్లి, అక్కడ చొక్కాగా మారి, మళ్లీ ఓడెక్కి ఇటు రావాలన్నమాట. మధ్యలో ఉన్నది ఎనభై కిలోమీటర్ల రోడ్డు.

ఢాకాలో ఒక సగటు దుకాణదారుడి వైపు నుంచి చూస్తే మాత్రం ఇదంతా ఇంకోలా కనపడుతుంది. 2021-22లో మనం బంగ్లాదేశ్‌కు 1,600 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకు అమ్మాం. వాళ్ల దగ్గర కొన్నది 200 కోట్ల డాలర్లకు అటూఇటూగా. పెద్ద దుకాణం పక్కన చిన్న బడ్డీ పెట్టుకున్నవాడికి ఉండే భయం వాళ్లది. ఇంకాస్త గేటు తీస్తే తనను మింగేస్తారేమోనని. ఈ భయాన్ని తీసిపారెయ్యడానికి లేదు. నేపాల్‌కు 2015లో సరిహద్దు దిగ్బంధంతో పెట్రోలు, గ్యాసు అందక ఎంత ఇబ్బంది అయిందో వాళ్లూ చూశారు. మన వైపు భయాలూ ఉత్తివి కావు. తీవ్రవాదం, చొరబాట్లు, సిలిగుడి దగ్గరి ఆ సన్నటి మెడ... వీటిని మర్చిపొమ్మని ఏ ప్రభుత్వానికీ చెప్పలేం. భూటాన్ సంగతి మరీ వేరు. నాలుగు దేశాల వాహనాలు స్వేచ్ఛగా తిరగాలన్న ఒప్పందం 2015 జూన్‌లో వాళ్ల రాజధాని థింపూలోనే కుదిరింది. మరుసటి ఏడాది వాళ్ల ఎగువసభే దాన్ని తిప్పికొట్టింది. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న కొండదేశంలోకి లారీలన్నీ వచ్చిపడితే ఏమైపోతామని వాళ్ల బెంగ. అదీ న్యాయమే. అయితే భయానికి మందు గేటు మూయడమేనా అన్నదే పేచీ. పెద్దవాడు గేటు మూసిన ప్రతిసారీ చిన్నవాడి భయం నిజమైపోతుంది. పెద్దవాడు అనే హోదా ఉన్నందుకు ముందుగా మాట మీద నిలబడాల్సింది కూడా అతనే. "ఆపుతాం, మూడు నెలల్లో ఆపుతాం" అని చెప్పి ఆపినా సగం గౌరవం దక్కుతుంది.

గేటు ఓ మూల చిన్నగా తీసి చూసిన చోట ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మేఘాలయ వెళ్లాలి. పశ్చిమ గారో కొండల్లో కలాయిచర్ అనే చోట, అవతల కురిగ్రామ్ జిల్లా బాలియామారి ఎదురుగా, 2011 జులైలో సరిహద్దు సంత మొదలుపెట్టారు. విభజనకు ముందు ఆ కొండల వాళ్లు దిగువ మైదానాల సంతల్లోనే ఉప్పు, చేపలు కొనుక్కునేవాళ్లు. గీత పడ్డాక కళ్లెదుటే ఉన్న సంత పరాయి దేశమైంది. దొంగచాటుగా వెళ్తే తుపాకీ. ఇప్పుడు సరిగ్గా ఆ గీత మీదే, 75 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పు ఉన్న చోట కంచె కట్టి, సంత పెట్టించారు. చుట్టూ ఐదు కిలోమీటర్లలో ఉండేవాళ్లే రావాలి. పాస్‌పోర్టు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. సుంకం లేదు. రూపాయలైనా సరే, టాకాలైనా సరే. ఒక మనిషి మొదట్లో 50 డాలర్ల విలువకు మించి కొనకూడదన్నారు. తర్వాత దాన్ని వందకు, రెండొందలకు పెంచారు. కూరలు, పళ్లు, అల్లం, పసుపు ఇటు నుంచి. గంచాలు, లుంగీలు, బిస్కట్లు, ప్లాస్టిక్ సామాన్లు అటు నుంచి. ఆ తర్వాత త్రిపురలోనూ ఇలాంటి సంతలు వెలిశాయి.

అక్కడికొచ్చే అందరూ కొనడానికే రారు. గీత పడినప్పుడు అవతల ఉండిపోయిన మేనత్తలు, పినతండ్రుల బిడ్డలు ఉంటారు. వీసా తీసుకుని ఢాకా చుట్టూ తిరిగి రాలేని పేదలు వాళ్లు. సంత రోజున పిల్లల్ని ఎత్తుకొచ్చి చూపించుకుంటారు. ఓ మూల చాప పరుచుకుని తెచ్చుకున్నది పంచుకు తింటారు. కొవిడ్‌తో 2020 మార్చిలో సంతలన్నీ మూశారు. తర్వాత కొన్నిటిని తెరిచారు. మూసి ఉన్న రోజుల్లో ఉపాధి పోయిందని ఏడ్చింది వ్యాపారులైతే, బిడ్డను చూసి రెండేళ్లయిందని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. ఏ దేశపు ఎగుమతుల లెక్కలోనూ ఆ సంతల వ్యాపారం పైసా వంతు కాదు. అయినా గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లే గీతను తక్కువగా పట్టించుకుంటారన్నది అక్కడ కళ్లారా కనపడుతుంది.

పెద్ద ఎత్తున కుదిరిన వాడుక కూడా ఒకటుంది. వర్షాకాలంలో నేపాల్ నదులు పొంగి, అక్కడి జలవిద్యుత్ కేంద్రాల్లో కరెంటు మిగిలిపోతుంది. సరిగ్గా అప్పుడే బంగ్లాదేశ్‌లో ఉక్కపోత, కరెంటు కొరత. ఇద్దరికీ మధ్య ఉన్నది మనం. అమ్ముతామని వాళ్లు, కొంటామని వీళ్లు, తీగల మీద పోనిస్తామని మనం... మూడు దేశాలూ 2024 అక్టోబరు 3న కఠ్మాండూలో సంతకాలు చేశాయి. అప్పటికి హసీనా ప్రభుత్వం పడిపోయి రెండు నెలలు. ఢిల్లీకీ ఢాకాకీ మాటలు సరిగా లేని రోజులు. అయినా నవంబరు 15న, ఒక్క రోజు కోసమే అయినా, 40 మెగావాట్లు నేపాల్ నుంచి బిహార్లోని ముజఫర్‌పుర్ మీదుగా, బెంగాల్లోని బహరంపూర్ దాటి అవతలి భేరామారాకు చేరాయి. అయిదేళ్ల ఒప్పందం అది. ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకు.

2025 జూన్ 15న రెండో ఏడాది సరఫరా మొదలైంది. పన్నెండు రోజులకు, జూన్ 27న, బంగ్లాదేశ్ జనపనార ఉత్పత్తులు రోడ్డు మార్గాల్లో రాకూడదని ఢిల్లీ మరో ఉత్తర్వు ఇచ్చింది. కరెంటు ఒప్పందం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.